వెనక సీటు బరువు

"దిగు దిగు, మళ్ళీ పోయింది," అన్నాడు మా ఆయన.

వెనక చక్రం నేలకి అతుక్కుపోయి ఉంది. ఆయన బండికి స్టాండు వేసి, టైరు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "చెబితే వినవు. ఎంతకని మోస్తుంది, పాపం!" అన్నాడు. పాపం అన్నది బండిని.

అప్పటికే పాపను స్కూల్లో దింపేశాం. నాది ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. ఎనిమిదింటికల్లా పరగడుపున వచ్చినవాళ్ళు బెంచీ మీద ఎదురుచూస్తూ ఉంటారు. ఆ మాట చెప్పబోయేలోగా ఆయన తన ఆఫీసు స్నేహితుడికి ఫోన్ చేసేశాడు.

"నాకు మీటింగుంది. నువ్వు బాగు చేయించి తాళం ఆ షాపులోనే ఇచ్చెయ్, సాయంత్రం తీసుకుంటా. మీ వాళ్ళకి లేటవుతుందని చెప్పు. రక్తం ఎక్కడికి పోతుంది?"

స్నేహితుడి కారు రాగానే చొక్కా నలగకుండా సర్దుకుని కూర్చుని వెళ్ళిపోయాడు.

గాలి లేని బండిని నెట్టడం మొరాయించిన గేదెను ఈడ్చడం లాంటిది. హ్యాండ్‌బ్యాగు అద్దానికి తగిలించి, వంగి, రెండు చేతులా నెట్టుకుంటూ పోయాను. రెండు నెలల్లో ఇది మూడోసారి. మొదటిసారి పోయినప్పుడు ఇంటికొచ్చి అందరి ముందూ, "మీ కోడలు ఎక్కితే టైరు దండం పెట్టేసిందమ్మా," అన్నాడు. అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ మాట చుట్టాలిళ్ళన్నీ తిరిగొచ్చింది. నా పుట్టినరోజుకి ఆడపడుచు బరువు చూసుకునే మిషను కొనిచ్చింది, దానికో రిబ్బను కూడా కట్టి. కోపం తెచ్చుకుంటే 'సరదాకి అంటే ఉడుక్కుంటావేం' అంటారని నవ్వడం నేర్చుకున్నాను. నవ్వుతూనే రాత్రి భోజనం మానేశాను. అందరికీ వడ్డించి, ఆకలి లేదని చెప్పి గిన్నెలు సర్దేదాన్ని. ఎందుకని ఒక్కరూ అడగలేదు. పొద్దున్నే సూది పట్టుకుంటే వేళ్ళు వణికేవి. మొన్న ఒక పెద్దావిడకు రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

పంక్చరు షాపు పెద్దాయన చక్రం విప్పి, ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచాడు. బుడగలు రెండు చోట్ల లేచాయి. టైరు లోపల వేలితో తడిమి, "చూడండమ్మా," అని పిలిచాడు. రబ్బరు పూర్తిగా అరిగిపోయి, లోపలి దారాలు బయటపడి ఉన్నాయి.

"ఇది గుండైపోయి ఏడాదైనా అయ్యుంటుంది. గాలి ఎప్పుడు చూపించారు?"

"తెలీదు. బండి మా ఆయనది." ఎటో చూస్తూ అడిగాను. "నేను ఎక్కడం వల్ల పోతోందా?"

పెద్దాయన ప్యాచీ కోసం ట్యూబు గీకుతున్నవాడల్లా తలెత్తాడు. నవ్వుతాడనుకున్నాను.

"మీరా? ఇలాంటి బండి మీద రెండేసి సిలిండర్లు వేసుకెళ్తారమ్మా. మనుషులెక్కితే టైర్లు పోయేటట్టయితే నేనీపాటికి నాలుగు షాపులు పెట్టుండేవాణ్ణి. ఇది మార్చకపోతే ఏదో ఒక రోజు మలుపులో జారి పడతారు. పిల్లలున్నారా?"

ఉన్నారన్నాను. రోజూ మా ఇద్దరి మధ్యా కూర్చుని వెళ్ళే తొమ్మిదేళ్ళ పిల్ల.

ప్యాచీ వేయించి, తాళం షాపాయనకిచ్చి ల్యాబుకి నడిచాను. "మీ ఇంట్లో మగాళ్ళు లేరా, బండ్లు కూడా మీరే నెట్టాలా?" అన్నాడు ఇన్‌చార్జి, రిజిస్టర్లో ఎర్రగీత పెడుతూ. గ్లవ్స్ తొడుక్కున్నాను.

రాత్రి నేను వడ్డిస్తుంటే మా ఆయన మొదలుపెట్టాడు. "అమ్మా, ఇవాళ మీ కోడలు హ్యాట్రిక్ కొట్టింది!"

అత్తయ్య నవ్వింది. నేను పాప కంచంలో ఇంకో గరిటె వేయబోతే అది చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. నేనూ రోజూ బండెక్కాలి కదా."

గరిటె అక్కడే ఆగిపోయింది. దాని మణికట్టు నా రెండు వేళ్ళలో ఇమిడిపోయేంత ఉంది.

"టైరు అరిగి దారాలు బయటికొచ్చాయి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "షాపాయన చూపించాడు. ఏడాది నుంచీ మీరు దానివంక చూడలేదు. దానిమీదే పిల్లను ఎక్కిస్తున్నారు. టైరు మార్చేదాకా మేమిద్దరం బస్సులో వెళ్తాం."

"అబ్బ, సరదాకి అన్నానే! దానికింత..."

"ఆ సరదాకే నేను రెండు నెలలుగా రాత్రిపూట తినడం లేదు. ఇప్పుడిది మొదలుపెట్టింది."

ఆయన తల్లి వైపు చూశాడు, ఒక నవ్వు సాయం వస్తుందేమోనని. అత్తయ్య మనవరాలి చేతి వంకే చూస్తోంది.

"మీ నాన్న సైకిలు కూడా నావల్లే పంక్చరయ్యేదిరా," అంది మెల్లిగా. "అప్పుడు నేను ముప్పై ఎనిమిది కిలోలు."

నేను కంచం తెచ్చుకుని పాప పక్కన కూర్చున్నాను. అత్తయ్య లేచి, నా చేతిలోంచి గరిటె తీసుకుంది. ముందు పాపకు వడ్డించి, తర్వాత నాకు వడ్డించింది.