రెప్పల మీద పట్టీ

రాజలింగు కనురెప్పలు పుట్టుకతోనే సగం వాలి ఉంటాయి. వాళ్ళమ్మవీ అంతే. మాజ్రి దగ్గరి బొగ్గుగనిలో పద్దెనిమిదేళ్ళు డంపర్ నడిపినా, ఆ కళ్ళ వల్ల ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఆ పాడు కెమెరా వచ్చేదాకా!

స్టీరింగు ముందు బిగించారు దాన్ని. డ్రైవరు నిద్రపోతే కనిపెట్టి ఆఫీసుకు చెబుతుందట. మొదటి రోజే రాజలింగును చూసి కుయ్యోమంది. మనిషి నిక్షేపంగా పాట పాడుకుంటూ బండి నడుపుతుంటే, నిద్రపోయాడని రాసేసింది.

"నా కండ్లే గట్లుంటయ్ సాబ్," అని సూపర్‌వైజర్ మధుకర్ దగ్గర మొత్తుకున్నాడు.

"వేల మొకాలు చూసి నేర్చుకున్న మిషన్ అది. తప్పు చెప్తదా? ఇంకోసారి మోగితే పని బంద్."

ఆ వేల ముఖాల్లో ఇలాంటి కళ్ళు ఒక్క జతైనా ఉన్నాయా అని అడిగే నాథుడు లేడు. లేబర్ ఆఫీసుకు వెళ్తే, మిషన్ మీద ఫిర్యాదు ఏ చట్టం కింద రాసుకోవాలో తెలియదని అర్జీ వాపసు ఇచ్చారు.

చివరికి ఎల్లన్నే దారి చూపాడు. పక్కింటివాడు, మట్టికుప్ప దగ్గర ఎర్రజెండా ఊపి డంపర్లను ఆపేవాడు. మందుల షాపు నుంచి ప్లాస్టర్ తెచ్చి, రెప్పలు పైకి లాగి అతికించాడు.

"కదలకు బావా! ఇగ సూడు, పెండ్లికొడుకు లెక్కున్నవ్."

కళ్ళు మండి నీళ్ళు కారాయి గానీ కెమెరా నోరు మూసుకుంది. అప్పట్నుంచి రోజూ డ్యూటీకి ముందు ఎల్లన్నే అతికించేవాడు.

మే నెలలో మనుషులు చాలక రాజలింగుకు వరసగా రెండు డ్యూటీలు వేశారు. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ. ఈసారి నిజంగానే కునుకు పట్టింది. రెప్పలు మూతపడలేదు, కెమెరా కిక్కురుమనలేదు. డంపర్ మీదెక్కేదాకా ఎల్లన్న జెండా ఊపుతూనే ఉన్నాడట.

విచారణలో రాజలింగు బావురుమన్నాడు. "నిద్రవోయిన సాబ్. రెండు డ్యూటీలు చేస్తే కన్నంటుకుంది. గీ పట్టీ సూడున్రి."

ఆఫీసరు కాగితంలోంచి తలెత్తలేదు. "మిషన్ నిద్రపోయావంటే లేదన్నావు. మెలకువగా ఉన్నావంటే నిద్రపోయానంటున్నావు. నీ మాట ఎలా నమ్మాలి?"

తెలిసి తెలిసే మనిషి మీదికి బండి తోలాడని రాశారు. కంపెనీ తప్పేమీ లేదట!

బయట మెట్ల మీద ఎల్లన్న భార్య గౌరమ్మ కూర్చుని ఉంది. రాజలింగును చూసి లేచింది.

"అన్నా, మిషన్ల రాసింది నాకు సదివి ఇనిపిచ్చిన్రు. నువ్వు మెలకువతోనే ఉన్నవట."

"లేదు చెల్లె, ఒట్టు. నిద్రవోయిన."

ఆమె అతని వాలిన కళ్ళలోకి చాలాసేపు చూసింది. నమ్మలేదు.

"మా ఆయన నీకేం పాపం జేసిండే అన్నా?"