చౌరస్తాలో సెమినార్

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు బంద్, తరగతులు బంద్. తార్నాక చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు. అక్కడ సాంబారొక్కటే చాలూ; అందరికీ చాలు కూడా.

క్యాంపస్‌లో డిపార్టుమెంటుకు తాళం చూసి, పద్మశ్రీ, ఆమె గైడు ఇమ్మానుయేలు సార్ అటే నడిచొస్తున్నారు. బజారును అడవిలా, బండ్లను జీవుల్లా చూసి లెక్కగట్టడం ఆమె పరిశోధన. లచ్చవ్వ ఇడ్లీబండి కనబడగానే సార్ మెచ్చుకోలుగా, "ఈవిడది భలే నిచ్!" అన్నారు.

వంట దగ్గరున్న విద్యార్థి నాయకుడు పరుశురాంకు అది "నీచ్" అని వినబడింది. పేరుకు తగ్గట్టు పరుషంగానే లేచాడు.

"ఏంది సార్! గుంటూరు నుంచొచ్చి మా లచ్చవ్వను నీచ్ అంటరా?"

జనం మూగారు. పద్మశ్రీ గుండె జారి గరిటెలో పడింది. నెలాఖరుకు సార్ రిటైర్మెంట్. ఆలోగా అందరి ముందు సెమినార్ ఇవ్వకపోతే కొత్త గైడు, కొత్త గోడు.

సార్ మాత్రం కత్తిపీట ముందు చతికిలబడి ఉల్లిగడ్డ అందుకున్నారు. "తరగతి లేకపోతేనేం బాబూ, తరగడం ఉందిగా! అమ్మా పద్మా, అందరి ముందు ఇవ్వాలన్నారు. ఇంతకన్నా అందరు మనకెక్కడ దొరుకుతారు? కానివ్వు."

పద్మశ్రీ గొంతు సవరించుకుంది. "అన్నా, నిచ్ అంటే తిట్టు కాదే. అడవిల ఒక్కో జీవికి ఒక్కో తిండి, ఒక్కో జాగా, ఒక్కో వేళ ఉంటది. గదే నిచ్. బజార్ల గూడ గంతే. పొద్దుగాల లచ్చవ్వ ఇడ్లీ, పొద్దుగూకినంక జాన్సన్ బజ్జీ. జాగా ఒక్కటే, కొట్లాట లేదు."

"నా ఇడ్లీ మీద పీహెచ్‌డీనా?" లచ్చవ్వ బుగ్గలు నొక్కుకుంది. "చట్నీ ఏం పాపం చేసింది బిడ్డా?"

అందరూ నవ్వారు. పరుశురాం నవ్వలేదు. "మరి బయటి నుంచి పెద్ద జీవొచ్చి జాగంత కబ్జా చేస్తే?"

పద్మశ్రీ సార్ వైపు ఓరగా చూసింది. ఆ జవాబు ఆమె లెక్కల్లో ఉంది, థీసిస్‌లో లేదు. సార్ నొచ్చుకుంటారని తీసేసింది.

"దాటెయ్యకమ్మా," అన్నారు సార్ ఉల్లిగడ్డ మీంచి తలెత్తకుండా.

"బయటి నుంచొచ్చి జాగా పట్టినోళ్లు పెరుగుతనే ఉంటరు. మొదటి నుంచి గాడున్నోళ్లకు మిగిలిన మూలలే, మిగిలిన వేళలే. వాళ్లు చాతగానోళ్లని కాదన్నా, జాగా దొరకలే. నా లెక్కల గట్లనే వచ్చింది."

సార్ కత్తిపీట పక్కకు నెట్టి లేచారు.

"ఇది నాకిచ్చిన కాపీలో లేదే?"

"మీరు నొచ్చుకుంటరని, సార్..."

"అలా అనుకున్నందుకు నొచ్చుకున్నాను. గుంటూరోణ్ణని గణితం మారుతుందా?" ఆయన గొంతు పెంచారు. "సెమినార్ పూర్తయింది! ఆ అధ్యాయం రేపు పట్రా, మొదటి సంతకం దాని మీదే."