చీకట్లో దిగిన సూది

సామ్యేల్ రాస్తున్న నవల గుహ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

గోదావరిఖనిలో బొగ్గుబాయిలో డ్రిల్లరుగా పనిచేసే మనిషికి రాకుమారులతో ఏం పని అని అడక్కండి. సీడీలు వచ్చి జనం చదవడం మానేశాక లక్ష్మీనగర్‌లో ఒక అద్దె పుస్తకాల దుకాణం మూతపడింది. దుకాణదారు పాత జానపద నవలల్ని గోనెసంచిలో కుక్కి తూకానికి అమ్మేస్తుంటే, సామ్యేల్ సంచీతో సహా ఇంటికి మోసుకొచ్చాడు. ఉన్నవన్నీ చదివేశాక సొంతంగా ఒకటి మొదలుపెట్టాడు. రత్నబాహుడనే రాకుమారుడు, అతడి నీడను ఎత్తుకెళ్లిన రాక్షసుడు, ఆ రాక్షసుడు ఉండే గుహ. వినడానికి ఉన్నది ఒక్కతే, భార్య సుగుణమణి. ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతూ వినేది. నిజం చెప్పాలంటే సగం సేపు కునికేది.

గుహలో చీకటిగా ఉంది, రాకుమారుడి గుండె జారింది అని చదివిన రోజు మాత్రం ఆమె మెలకువగానే ఉంది.

"చీకటైతే ఏంది? మనింట్ల కరెంటు పోతలేదా? గంత దానికే గుండె జారెటోడు రాక్షసుని మీదికి ఎట్ల పోయిండు?" అంది దారం కొరుకుతూ.

ఆ మాట సామ్యేల్‌కు ముల్లులా దిగింది. పెళ్లైన కొత్తలో ఆమె అడిగింది, బాయిలో ఎట్లుంటదని. చీకటి ఉంటదని చెప్పి ఊరుకున్నాడు. ఇన్నేళ్లయినా అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. తన సగం బతుకు గడిచిన చోటు పెళ్లాం దృష్టిలో కరెంటు పోయిన ఇల్లు. అతడికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. రాకుమారుడు ఏమైపోయినా సరే, ఆ చీకటిని ఆమెకు చూపించే మాట ఒకటి కావాలి.

మళ్లీ సంచీ బోర్లించాడు. చిమ్మచీకటి, కారుచీకటి, కాటుక చీకటి, అన్నీ అరిగిపోయినవే. చివరికి అట్ట లేని ఒక పుస్తకంలో, చెదలు తినగా మిగిలిన పేజీలో దొరికింది 'సూచీభేద్యం'. అర్థం తెలియక, రిటైరైన తెలుగు పంతులు రఘుపతి సారు ఇంటికి సైకిల్ తొక్కాడు. సూదితో పొడిస్తే దిగేటంత చిక్కటి చీకటి అని సారు చెప్పాడు. సామ్యేల్‌కు ఒళ్లు ఝల్లుమంది.

అక్కడితో ఆగితే మామూలు రచయిత అయ్యేవాడు. కానీ అతడు డ్రిల్లరు. ఫలానా దాంట్లో రంధ్రం పడుతుందని ఎవరైనా అంటే, వేసి చూడకుండా నమ్మే జాతి కాదది.

మర్నాడు మొదటి షిఫ్టుకు సుగుణమణి సూది ఒకటి కాలరుకు గుచ్చుకుని దిగాడు. బాయి మొగదల సోదా చేసేవాళ్లు బీడీల కోసం, అగ్గిపెట్టె కోసం వెతుకుతారు గానీ సూదిని ఎవరు పట్టించుకుంటారు? సద్దులు తినే వేళ తన జోడీ కొమురెల్లికి, సర్దార్ గట్టయ్యకు సంగతి చెప్పాడు. నవ్వుతారనుకున్నాడు. నవ్వలేదు. కొమురెల్లి చాలా గంభీరంగా, తడి చీకటా పొడి చీకటా అని అడిగాడు. ఇక సర్దారంటే పని జాగా భద్రంగా ఉందో లేదో చూసే మనిషి. పైకప్పును కర్రతో తట్టి, మోత విని, అతడు సరేనంటేనే ఎవరైనా పనిలో దిగాలి. గట్టయ్య లేచి కర్ర అందుకున్నాడు.

"బొగ్గుకైనా చీకటికైనా కాయిదా ఒక్కటే. నేను తట్టి చూడంది ఎవ్వలు గుచ్చొద్దు," అన్నాడు.

ముగ్గురూ తలల మీది దీపాలు ఆర్పారు. గట్టయ్య గాలిలో నాలుగు దిక్కులా కర్రతో తట్టాడు. మోతేమీ రాలేదు. డొల్ల మోత రాలేదంటే గట్టిగా ఉన్నట్టేనని తేల్చాడు. సామ్యేల్ సూదిని ముందుకు పొడిచాడు, కొంచెం తిప్పాడు, వదిలేశాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. సూది కిందపడిన చప్పుడు వినపడలేదు.

దీపాలు వెలిగించి వెతికారు. సూది లేదు. అంత బొగ్గుపొడిలో సూది పడితే చప్పుడెక్కడిదని మీరూ నేనూ అంటాం. గట్టయ్య మాత్రం, దిగింది, దిగినచోటే ఉందన్నాడు. ఆ షిఫ్టంతా కొమురెల్లి ఆ జాగా దాటేటప్పుడల్లా తల వంచుకుని నడిచాడు, కంట్లో గుచ్చుకుంటుందేమోనని.

సామ్యేల్ ఇంటికొచ్చేసరికి సుగుణమణి మిషన్ డబ్బా తిరగేసి వెతుకుతోంది. గుండీలు కుట్టే సూదట, అంత మంచిది మళ్లీ దొరకదట.

"చీకట్ల దిగింది. మళ్ల రాలే," అన్నాడు సామ్యేల్. ఆ తర్వాత పుస్తకంలో దొరికిన మాట, దాని అర్థం, వదిలేసిన సూది పడకపోవడం, మొత్తం చెప్పాడు.

ఆమె కునకలేదు. నవ్వలేదు. అతడి చేతులకేసి చూసింది.

"సూదిని సుత ఇడిచిపెట్టని చీకటా?" అంది. "మరి నువ్వు దినాం ఎట్ల ఎల్లొస్తున్నవయ్యా?"

సామ్యేల్ గోనెసంచీ వైపు చూశాడు. అందులోని ఏ నవలలోనూ ఏ రాకుమారుణ్నీ ఎవరూ ఈ మాట అడిగిన గుర్తు లేదు.

మర్నాడు డ్యూటీకి బయల్దేరుతుంటే ఆమె కొత్త సూది తెచ్చి అతడి కాలరుకు గుచ్చింది. దానికి తెల్లదారం ఎక్కించి ఉంది. దారం రెండో కొస ఇంట్లో, మిషన్ మీది రీలుకే ఉంది.

"గిప్పుడు గుచ్చు," అంది. "ఈ కొస నా కాడుంటది."

సామ్యేల్ సైకిలెక్కాడు. వెనకాల రీలు గిరగిరా తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కంపెనీ క్వార్టర్ల మలుపు దగ్గర దారం పుటుక్కున తెగింది. అతడు ఆగలేదు, వెనక్కి చూడలేదు.

అతడు షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె ఆ రోజు ఒక్క జాకెట్టూ కుట్టలేదు. తెగిన కొసను వేలికి చుట్టుకుని గడపలో కూర్చుని ఉంది.