నీటికాకి మీద గురి

సుచిత్ర చేతికి పిస్టల్ ఇచ్చిన మొదటిరోజు ఆమె కాల్చిన గుండ్లలో ఒక్కటి కూడా నల్లచుక్క దరిదాపులకి వెళ్లలేదు. రెండుమూడు టార్గెట్ కాగితం కింది అంచుని చించుకుంటూ పోయాయి. మిగతావి ఎటు పోయాయో వెనకున్న ఇసుక గట్టుకే తెలియాలి. పక్క వరసలో నిలబడ్డ కానిస్టేబుళ్లు నవ్వు ఆపుకోలేక తలలు తిప్పుకున్నారు.

ఆమెకి తుపాకీ కొత్తేం కాదు. ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో చేరినప్పటినుంచీ రైఫిల్ మోస్తూనే ఉంది. ట్రెజరీ దగ్గర కాపలా, ఖైదీల్ని కోర్టుకి తీసుకెళ్లడం, తిరనాళ్ల బందోబస్తు, అన్నిటికీ భుజాన అదే. ఏడాదికోసారి జరిగే ఫైరింగ్‌లో మార్కులూ బాగానే వచ్చేవి. రైఫిల్ అయితే భుజానికి ఆనించి, చెంప చేర్చి, ఒళ్లంతా కూడగట్టుకుని కాల్చొచ్చు. పిస్టల్‌కి ఆ ఆసరా లేదు. చాచిన చేతుల చివర గాల్లో నిలబెట్టాలి. ఊపిరి తీసుకున్నా కదులుతుంది.

ఈ పిస్టల్ బాధ ఎందుకొచ్చిందంటే, ఆమెని దుర్గాదేవి గారికి గన్‌మన్‌గా వేశారు. ఆడమనిషైనా ఆ పోస్టు పేరు గన్‌మనే. దుర్గాదేవి గారిది గుడివాడ. పార్టీలో ఏళ్ల తరబడి తిరిగాక ఏదో కార్పొరేషన్‌కి చైర్‌పర్సన్‌ని చేశారు. మహిళా సభలకి తిరిగేదాన్ని, నా వెంట ఆడపిల్లే ఉండాలని ఆవిడ పట్టుబట్టిందట. సుచిత్ర భర్త డేవిడ్ రాజు బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాడు. ఇక భార్యకి ఎండలో నిలబడే డ్యూటీలు తప్పుతాయని అతను సంబరపడ్డాడు. సుచిత్రకి మాత్రం దిగులు పట్టుకుంది. పిస్టల్ ఫైరింగ్‌లో పాసైతేనే ఆ పోస్టు. ఫెయిలైతే ఆ కబురు పోలీస్ లైన్స్‌లో అందరి నోళ్లలోనూ నానుతుంది.

ఫైరింగ్ నేర్పేది దైవాధీనం అనే హెడ్ కానిస్టేబుల్. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, మాట పొదుపు. బందరు శివారున సముద్రం గాలి కొట్టే ఆ రేంజ్‌లో, అందరూ టార్గెట్ వైపు చూస్తుంటే ఆయన మాత్రం ఆమె వెనక నిలబడి చేతులు చూశాడు. రెండోరోజు మ్యాగజైన్ ఆయనే నింపి ఇచ్చాడు. సుచిత్ర గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కింది. ఒకటి పేలింది, రెండోది పేలింది. మూడోసారి టిక్కుమని చప్పుడైందే గానీ గుండు రాలేదు. అయినా పిస్టల్ మూతి మాత్రం ఎవరో పట్టి లాగినట్టు కిందికి, ఎడమకి ఒరిగింది. అసలు గుండ్ల మధ్య ఆయన ఒక ఉత్తుత్తి తూటా పెట్టాడు.

"చూశావా అమ్మా, అది పేలకుండానే నువ్వు అదిరిపడ్డావు," అన్నాడు దైవాధీనం. "నీ కంటికేం లోపం లేదు. చప్పుడు వస్తుందని ముందే బెదిరి చెయ్యి దించేస్తున్నావు. ఎప్పుడు పేలుతుందో నీకే తెలియకూడదు. అంత మెల్లగా నొక్కు."

ఆ తర్వాత ఆయన ఆమె పట్టు మార్పించాడు. ఆమెవి చిన్న చేతులు. పిస్టల్ పిడి లావు. వేలు ట్రిగ్గర్‌కి అందడం కోసం ఆమె తనకి తెలియకుండానే మణికట్టు పక్కకి తిప్పుతోంది. అరచేతిని పిడి మీద వీలైనంత పైకి జరిపించి, ఎడమచేతిని చుట్టూ బిగించి పట్టించాడు. చూపు నల్లచుక్క మీద కాకుండా పిస్టల్ కొసనున్న చిన్న గుర్తు మీద ఉండాలనీ, చుక్క మసకబారితే బారనివ్వమనీ చెప్పాడు. డ్యూటీ ఎక్కేముందు రోజూ ఆయుధాగారం గోడకేసి గురిపెట్టి ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కడం నేర్పాడు. పిస్టల్ మూతి పైన రూపాయి బిళ్ల పెట్టేవాడు. బిళ్ల పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. మొదట్లో అది రోజంతా నేల మీదే దొర్లింది. ఇంటికొస్తే ఆమె నీళ్లసీసా పట్టుకుని చేతులు చాచి నిలబడేది. అమ్మ ఎవరికి నీళ్లిస్తోందో తెలియక కూతురు ప్రియ ఎదురుగా గ్లాసు పట్టుకుని నిలబడేది.

మెల్లమెల్లగా గుండ్లు కాగితం మీదికి ఎక్కాయి. తర్వాత చుక్క అంచుకి చేరాయి. పాసింగ్ ఫైరింగ్ నాడు ఆమె గుండ్లన్నీ అరచెయ్యి కప్పేంత మేరలో పడ్డాయి. నవ్విన కానిస్టేబుళ్లలో ఒక్కడికీ అంత చక్కగా పడలేదు. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం తెప్పించుకుని మరీ చూశాడు. దైవాధీనం ఆ కాగితాన్ని మడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని ఇంట్లో బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంది. ఈ నేర్పు ఎవరి దయవల్లా వచ్చింది కాదని, తన చేతులు కష్టపడి సంపాదించుకున్నదని ఆమెకి గట్టి నమ్మకం.

గుడివాడలో డ్యూటీలో చేరాక ఆ చేతులకి దొరికిన పని వేరు. కారు తలుపు తియ్యాలి. హ్యాండ్‌బ్యాగు పట్టుకోవాలి. సభల్లో కప్పిన శాలువాలు మొయ్యాలి. ఎండైతే గొడుగు పట్టాలి. ఒకసారి పెళ్లిలో దుర్గాదేవి గారు విడిచిన చెప్పులు కనిపించకపోతే వాటిని వెతికి తెచ్చింది కూడా సుచిత్రే. నడుముకున్న పిస్టల్ బరువు తుంటి మీద మచ్చ వేసిందే గానీ, దాని ఊసు ఎత్తినవాళ్లు లేరు. ఎత్తింది ఒక్క గోపాలకృష్ణ గారే, అదీ వెటకారానికి. ఆయన దుర్గాదేవి గారి భర్త. ఎవరైనా ఇంటికొస్తే, ఈ అమ్మాయికి దోమని కొట్టడమైనా వచ్చో రాదో, మా ఆవిడ ప్రాణం మాత్రం ఈవిడ చేతిలో పెట్టారని నవ్వేవాడు. దుర్గాదేవి గారు కూడా నవ్వేది. సుచిత్ర తల దించుకుని బ్యాగు చెయ్యి మార్చుకునేది.

నాగాయలంక దాటాక సముద్రం దాపున వాళ్లకి రొయ్యల చెరువులున్నాయి. సుచిత్ర పుట్టిన ఊరూ ఆ చుట్టుపక్కలే. ఒక ఆదివారం విజయవాడ నుంచి బంధువులు వస్తే అందరూ భోజనాలకి చెరువు మీదికి వెళ్లారు. గట్టు మీద షెడ్డు వేసి కుర్చీలు పరిచారు. మధ్యాహ్నం తిండి అయ్యాక గోపాలకృష్ణ గారు నీటికాకుల మీద పడ్డారు. గుంపులుగా వచ్చి రొయ్యల్ని మింగేస్తున్నాయనీ, టపాకాయలకి కూడా భయపడడం లేదనీ చెప్పుకొచ్చారు. చెరువులో పాతిన వెదురు బొంగు మీద అప్పుడే ఒక నీటికాకి వచ్చి వాలి, రెక్కలు చాచి ఆరబెట్టుకుంటోంది.

"మన గన్‌మన్ ఉందిగా," అన్నారాయన. "ఏవమ్మా, దాన్ని కొట్టగలవా? ఊరికే మోసుకు తిరగడానికేనా ఆ పిస్టల్?"

బంధువులు నవ్వారు. అలా కాల్చడానికి శాఖ ఒప్పుకోదండీ, ప్రతి తూటాకీ జవాబు చెప్పుకోవాలి అంది సుచిత్ర. ఆయన ఇంకా పెద్దగా నవ్వాడు. రాదని చెప్పడానికి ఇదొక పద్ధతి అన్నాడు. దుర్గాదేవి గారు కుర్చీలోంచి ఇటు తిరిగింది.

"కాల్చమ్మాయ్. ఒక్కటేగా. మీ వాళ్లకి నేను చెప్పుకుంటాను," అంది.

మళ్లీ కాదనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఇన్నాళ్లూ బ్యాగులు మోసిన చేతులు ఆ మాట వినలేదు. ఒక్కసారి చూపిస్తే ఇక జన్మలో నవ్వరనిపించింది. పిస్టల్ తీసింది. పట్టు సరిచూసుకుంది. కొసనున్న గుర్తు స్పష్టంగా నిలబడింది, దాని అవతల పక్షి మసకగా నల్లగా ఉంది. మెల్లగా నొక్కింది. ఎప్పుడు పేలిందో ఆమెకే తెలియలేదు. బొంగు మీద పక్షి లేదు.

చప్పట్లు కొట్టారు. గోపాలకృష్ణ గారు నోరు తెరిచి ఆమె వంక చూశాడు. ఆ చూపు కోసమే కాల్చిందేమో, ఆమెకి ఒళ్లు తేలికైపోయింది. ఆ తేలికదనం ఇంకా దిగకముందే అవతలి గట్టు మీంచి కేక వినిపించింది.

చెరువు కాపలా ఉండే సూరయ్య అవతల గట్టు వాలున తుప్పల చాటున కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. ఇటువైపు వాళ్లకి కనిపించలేదు. పక్షిని దాటిన గుండు వెళ్లి అతని మోకాలి పైన దిగింది. ఆమె ఇప్పటిదాకా కాల్చిన ప్రతి గుండూ ఇసుక గట్టులోకే పోయింది. గుండు పక్షి దగ్గర ఆగదన్న సంగతి ఆ క్షణాన ఆమె తలలోకి రానేలేదు.

ఆమె గట్టు చుట్టూ పరుగెత్తింది. సూరయ్య తువ్వాలుతోనే కాలు బిగించి కట్టింది. అతను ఆమె ముఖం చూసి గుర్తుపట్టాడు. సంఘపెద్ద గారి అమ్మాయివి కదూ అన్నాడు, నొప్పికి పళ్లు బిగబట్టి. ఆమె తండ్రి ఆ పక్క ఊళ్లో చర్చి పెద్దగా ఉండేవాడు. రొయ్యల మేత మోసే ట్రాలీ ఆటోలో అతన్ని అవనిగడ్డ దాకా, అక్కణ్నుంచి అంబులెన్సులో బందరు తీసుకెళ్లారు. ఆటో బయల్దేరేటప్పుడు సుచిత్ర వెనక్కి చూస్తే షెడ్డు దగ్గర కుర్చీలు మాత్రమే ఉన్నాయి. కార్లు వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రమే దుర్గాదేవి గారు పోలీసులకి చెప్పిన మాట ఏమిటంటే, తను షెడ్డు లోపల పడుకుని ఉంది, చప్పుడు విని బయటికొచ్చింది, అంతకు మించి తెలియదు. భర్తా, బంధువులూ అదే చెప్పారు. సుచిత్రని సస్పెండ్ చేసి పిస్టల్ స్వాధీనం చేసుకున్నారు. తోటివాళ్లు కొందరు ఇంటికొచ్చి, చేతిలోంచి జారి పేలిందని రాసివ్వమన్నారు. పొరపాటైతే శిక్ష తగ్గుతుంది, కావాలని కాల్చావంటే ఉద్యోగం ఉండదు అన్నారు. డేవిడ్ రాజు కూడా రెండు చేతులూ పట్టుకుని అదే బతిమాలాడు. ఆమె అలాగే రాసి సంతకం పెట్టింది.

సూరయ్యని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లింది. కాలుకి కట్లతో పడుకుని ఉన్నాడు. భార్య లేని సమయం చూసి అతనే మాట ఎత్తాడు.

"ఆవిడ కాల్చమనడం నా చెవుల్తో విన్నానమ్మా. నీళ్ల మీద మాట బాగా వినబడుద్ది," అన్నాడు. "కానీ నేను చెప్పలేను. మేం ఉంటన్న పాక ఆళ్లది. కాలు పోయినోడికి ఇంకెవరు చోటిస్తారు?"

అతను విని ఉండి సాక్ష్యం చెప్తే, రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకుని నిజం చెప్పొచ్చని, అది అడగడానికే సుచిత్ర వచ్చింది. తను కాల్చిన మనిషిని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? తెచ్చిన బత్తాయిలు మంచం పక్కన పెట్టి వచ్చేసింది.

విచారణలో దైవాధీనాన్ని పిలిచారు. ఈమెకి ఆయుధం పట్టుకోవడం సరిగా వచ్చా అని అధికారి అడిగాడు. ఆయన సుచిత్ర వైపు చూడలేదు.

"నేను నేర్పినవాళ్లందరిలో ఈ అమ్మాయే మేలండీ," అన్నాడు. "ఈమె చేతిలోంచి పిస్టల్ జారదు."

ఆయన ఆమె పరువు నిలబెడదామనే అన్నాడు. కానీ ఆ మాటతో ఆమె రాసిచ్చిన కాగితం చెల్లకుండా పోయింది. బొంగు కింద చచ్చి దొరికిన పక్షికి సరిగ్గా తగిలిన గుండు జారి పేలిందంటే ఎవరు నమ్ముతారని అధికారి అడిగాడు. అప్పుడు సుచిత్ర లేచి నిజం చెప్పింది. మేడమ్ కాల్చమన్నారు, గురిపెట్టే కాల్చాను అంది. మొదట ఒకటి రాసి ఇప్పుడు ఇంకొకటి చెప్తున్నావు, రెంటిలో ఏది నమ్మమంటావు అని అధికారి పెన్ను మూత పెట్టేశాడు. ఉద్యోగం తీసేశారు. అవనిగడ్డ కోర్టులో కేసు మిగిలింది.

ఇంటికొచ్చి బీరువా తలుపుకున్న కాగితాన్ని పీకబోతే జిగురుకి అంటుకుని సగమే వచ్చింది. ఆ సగాన్ని పొయ్యిలో పెట్టింది. డేవిడ్ రాజు అడ్డం రాలేదు. ఆమెతో అతను మాట్లాడడం తగ్గించాడు. ఆవిడ ఎదుట గొప్ప చూపించుకోవాలని ఎందుకనిపించింది నీకు అని ఒక్కసారే అడిగాడు. అది గొప్ప కోసం కాదని అతనికి అర్థమయ్యేలా చెప్పడం ఆమె వల్ల కాలేదు. కాదని తనే గట్టిగా అనుకోలేకపోయింది కూడా.

ఏడాది తిరిగాక ఒక వాయిదా రోజున కోర్టు బయట సూరయ్య కనిపించాడు. కర్ర సాయంతో నడుస్తున్నాడు. కాలు ఈడుస్తూ గట్ల మీద కాపలా తిరగలేడని గోపాలకృష్ణ గారు అతన్ని తీసేసి, పాక ఖాళీ చేయించారట. చల్లపల్లిలో కూతురు దగ్గర ఉంటున్నాడు.

"ఇప్పుడు చెప్తానమ్మా నిజం," అన్నాడు. "జడ్జీ గారి ముందు చెప్తాను, ఆవిడే కాల్చమందని."

సుచిత్రకి ముందు కోపమొచ్చింది. ఆసుపత్రిలో నోరు కట్టేసుకున్న మనిషికి, పాక పోయాక నోరొచ్చింది. ఆ కోపం వెళ్లి అతని కాలు దగ్గర ఆగిపోయింది. లాయరుని అడిగితే అతను పెదవి విరిచాడు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో సూరయ్య తనకేమీ వినబడలేదన్నాడు. ఇప్పుడు మాట మారిస్తే, పనిలోంచి తీసేసిన కక్షతో చెప్తున్నాడంటారు. అతని వల్ల లాభం లేదు, పంపించెయ్యమన్నాడు.

ఆ సంగతి సూరయ్యకి సుచిత్రే చెప్పింది. అతను కర్ర కొసతో నేల గీకాడు.

"అయితే నా మాటకి అప్పుడూ ఇలువ లేదు, ఇప్పుడూ లేదన్నమాట," అన్నాడు.

ఇద్దరూ నడిచి బస్టాండుకి వచ్చారు. చల్లపల్లి మీదుగా వెళ్లే బందరు బస్సు జనంతో కిక్కిరిసి వచ్చింది. మెట్టు ఎక్కలేక అతను ఆగితే సుచిత్ర చెయ్యి అందించింది. అతను ఆ చేతిని చూశాడు. కర్ర చంకలో ఇరికించుకుని, రెండు చేతుల్తో ఊచ పట్టుకుని, ఎలాగో తనంతట తనే ఎక్కాడు. ఎవరో లేచి అతనికి సీటిచ్చారు. సుచిత్ర వెనక తలుపు నుంచి ఎక్కి, చల్లపల్లిలో అతను దిగేదాకా అటు చూడకుండా నిలబడింది.