ఒంటి చెప్పు

ఈసారి నా వంతన్నమాట, అనుకుంది పిన్ని, మాసిన బట్టలు మెషీన్లో వేస్తుంటే దుప్పటి మడతలోంచి తన చెప్పు ఒకటి జారిపడగానే, నిన్న ఆయనది ఫ్రిజ్ వెనక, మొన్న పక్కింటావిడది పూలకుండీలో, పాపం కుంటుకుంటూనే వెళ్ళింది, మీ ఇంటికి రెండు కాళ్ళతో వస్తే ఒంటికాలితో పోవాలమ్మా అని నవ్వుతూ, అత్తగారు మాత్రం నవ్వలేదు, గారాబం నెత్తికెక్కింది, వచ్చేవారం హాస్టల్లో వేస్తే అదే దారికొస్తుంది అంది, తల్లి పోయిన పిల్లని, అక్క కూతుర్ని, మా పిచ్చుకని, హాస్టల్లోనా, అయినా ఈ పిచ్చుక రెండు చెప్పులూ ఎందుకు దాచదు, ఒకటి లేకపోతే చాలు మనిషి కదలడని ఎవరు నేర్పారు దీనికి, ఎందుకిలా చేస్తోందని కాదు, ఏం జరిగిందని అడగండి అంది కౌన్సెలింగ్ మేడమ్, చెప్పకుండా మాయమైపోకండి, తిరిగొస్తామని చెప్పి వెళ్ళండి అని కూడా అంది, చెప్తూనే ఉన్నాం కదా, ఆయనైతే తాళాలు వెతుక్కుంటూనే మొదలుపెడతాడు, వెళ్ళొస్తా బంగారం, వెళ్ళొస్తా, గుమ్మంలోకి వచ్చేసరికి చెప్పుండదు, మరి కుళాయి బాగుచేసినతని చెప్పులు పొద్దంతా అక్కడే ఉన్నాయే, అతను సంచి భుజాన వేసుకుని మాటా పలుకూ లేకుండా పోయాడు, పక్కింటావిడేమో వెళ్ళొస్తానమ్మా, వెళ్ళొస్తానమ్మా అంటూ గంటసేపు కబుర్లు చెబుతుంది.

మెషీన్ మూత మీద చెయ్యి అలాగే ఉండిపోయింది, ఆ రోజు అక్క తనతో ఫోన్లో మాట్లాడుతూనే స్కూటర్ తీసింది, మధ్యలో పిల్లకి కేకేసింది, ఇప్పుడే వెళ్ళొస్తానే తల్లీ, తన చెవితో తను విన్నది, లారీ సంగతి తర్వాత తెలిసింది, అంటే ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో అందరం పొద్దున్నా సాయంత్రం ఈ పిల్ల చెవిలో వేస్తున్నది వాళ్ళమ్మ ఆఖరి మాట.

డ్యూటీకి వేళయింది, పిచ్చుక గుమ్మం పక్కన గోడకానుకుని తన పాదాలకేసే చూస్తోంది, పిన్ని చేతిలోని చెప్పుని గుమ్మంలో వేసి, నోటిదాకా వచ్చిన ఆ మాటని మింగేసి, చేతి వాచీ విప్పి ఆ సన్నటి మణికట్టుకి చుట్టి, ఆరు అంకె మీద వేలు పెట్టి, ఆ వేలితోనే తలుపు కొట్టినట్టు చూపించింది, పిల్ల వాచీని చూసింది, తలుపుని చూసింది, తర్వాత ఆ ఒంటి చెప్పుని కాలితో నెమ్మదిగా దాని జత దగ్గరికి నెట్టింది, లోపల్నుంచి అత్తగారు, చెప్పకుండా పోతున్నావేంటమ్మాయ్ అని అరుస్తున్నా, పిన్ని నోరు విప్పకుండా గుమ్మం దిగింది.