మెడ ప్రశ్నలు

మా సర్వేకి బయట ఒక పేరు, లోపల ఒక పేరు. బయటికి ‘మహిళల ఆరోగ్య సర్వే’. లోపల మేం వెతికేది వేరు. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ ఒంట్లో ఏళ్ళ తరబడి మిగిలిపోయే తలనొప్పులు, నిద్రలేమి, బీపీ, నిలవని కడుపులు. ఈ సంగతి మొగుళ్ళకి తెలిస్తే మాతో మాట్లాడిన మనిషికి ఆ సాయంత్రం ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఆ దొంగపేరు. సోషల్ వర్క్‌లో పీజీ చేసి అబద్ధాలాడే ఉద్యోగంలో చేరావేమే రాహేలూ అని మా అమ్మ ఎగతాళి చేస్తుంది. చేస్తే చేయనీ, అబద్ధం చెప్పి ఒకరిని బతికించగలిగితే నాకు నామోషీ ఏమీ లేదు.

నరసరావుపేటలో ఒక గది అద్దెకి తీసుకుని, నేనూ, నా కింద పనిచేసే అబిదా రొంపిచెర్ల చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతున్నాం. మాకు రెండు నియమాలు. మాట్లాడుతుండగా ఎవరైనా వచ్చారంటే వెంటనే మాట మార్చి, వారానికి ఎన్నిసార్లు పప్పు తింటారు, ఆకుకూర తింటారా అని అడగాలి. రెండోది, ఒక ఇంట్లో ఒక్క ఆడమనిషినే అడగాలి. ఇద్దరిని అడిగితే ఇద్దరూ ప్రశ్నలు పోల్చుకుంటారు. ఆడవాళ్ళ మధ్య మొదలైన మాట మగవాళ్ళ దాకా పోవడానికి ఒక్క పూట చాలు.

సోమవారం నేను వెళ్ళింది మిరప రైతుల ఇంటికి. ఊరి పేరు చెప్పకూడదు. ఇంటి వెనకే కల్లం. కాయ ఆరబోసి ఉంది. ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. అక్కడ ఎవరు దగ్గినా ఎవరూ తలెత్తి చూడరు. సాయి ప్రియ అనే అమ్మాయిని పక్కకి, పట్టా కట్టిన నీడలోకి పిలిచి కూర్చోబెట్టాను. పాతికేళ్ళు ఉంటాయేమో. కూతురు చిన్నారి ఆమె కొంగు వదలకుండా వెంటే వచ్చింది. నీళ్ళ సీసా ఇచ్చి, పక్కన ఉన్న కోడిపిల్లలకి తాగించి రమ్మని పాపని పంపాను.

సాయి ప్రియ మాట్లాడుతుంటే గొంతులోంచి గాలి తప్ప పెద్దగా ఏమీ రావడం లేదు.

“ఘాటు మేడమ్,” అంది.

ఘాటుకి దగ్గొస్తుంది, తుమ్ములొస్తాయి. గొంతు ఇలా పోదు. మింగితే నొప్పిగా ఉందా అంటే తలూపింది. కంటి తెల్లగుడ్డులో ఎర్రటి చుక్కలు కనిపించాయి. అప్పుడు మా మెడ ప్రశ్నలు మొదలుపెట్టాను. ఎప్పుడైనా మెడ పట్టుకున్నాడా? ఊపిరాడకుండా అయిందా? స్పృహ తప్పిందా?

ఆమె కల్లం వైపు ఒకసారి చూసి కొంగు కాస్త పక్కకి జరిపింది. వేళ్ళ గుర్తులు. పసుపు రంగుకి తిరుగుతున్నాయి.

“పోయిన వారం. ఎందుకో కూడా గుర్తులేదు మేడమ్. ఫోన్ ఎత్తలేదనో ఏందో. కళ్ళు చీకట్లు కమ్మినయ్. లేచేసరికి చీర తడిసిపోయుంది. అంతకుముందు సంక్రాంతెల్లినాక ఒకసారి ఇట్టాగే అయింది.”

చెంపదెబ్బ వేరు, మెడ వేరు. ఒకసారి మెడ మీదకి పోయిన చెయ్యి మళ్ళీ అక్కడికే పోతుంది. చచ్చిపోయిన ఆడవాళ్ళ కేసులు తిరగేస్తే, ముందు జరిగింది చాలాసార్లు ఇదే. దీన్ని మెత్తగా చెప్పే విద్య నాకు రాలేదు.

“ఇంకోసారి అయితే నువ్వు లేవవు,” అన్నాను.

ఏడవలేదు. “మరి నన్నేం చెయ్యమంటారు?” అంది.

గురువారం నరసరావుపేట ఆసుపత్రికి రమ్మన్నాను. రక్తం తక్కువగా ఉందని, పరీక్షలు చేయించాలని ఇంట్లో చెప్పమన్నాను. పాపని కూడా తీసుకురావాలి. మెడకి స్కానింగ్ చేయించి, అటునుంచి అటే గుంటూరులో ఇలాంటి ఆడవాళ్ళకి నీడనిచ్చే ఇంటికి నేను తీసుకెళ్తాను. పాపతో సహా ఉండొచ్చు.

“మళ్ళీ ఇంటికి రానక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

“గురువారం,” అని తనలో తను అనుకుని లేచి, వెళ్ళి కాయల ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం గదిలో అబిదా తను తిరిగిన ఇళ్ళ సంగతి చెప్పింది. ఆ రోజు నేను వచ్చేశాక ఆమె మాట్లాడిన వాళ్ళలో వరలక్ష్మి అనే ఆవిడ ఉంది. ఆవిడ సాయి ప్రియకి తోడికోడలు. అదే గేటు, అదే గోడ, అదే కల్లం.

“ఒకే ఇంట్లో ఇద్దరినీ ఎందుకు అడిగావే?” అని అరిచాను.

“ఒకే ఇల్లు కాదక్కా. అన్నదమ్ములు వేరు పడ్డారు. పొయ్యి వేరైతే ఇల్లు వేరే కదా? జనాభా లెక్కలోళ్ళూ అట్టాగే రాసుకుంటారు. మనకి ట్రైనింగ్‌లో కూడా అదే చెప్పారు.”

నిజమే, అదే చెప్పారు. ఆ ట్రైనింగ్ ఇచ్చింది కూడా నేనే. మన ఊళ్ళలో అన్నదమ్ములు పోట్లాడుకుని పొయ్యిలు వేరు చేసుకుంటారు గాని, గోడ మధ్యలో కట్టుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పడుతుంది. రెండు పొయ్యిల మీద పొగ వేరుగా లేస్తుంది, మాట మాత్రం ఇటు గదిలోంచి అటు గదిలోకి పోతూనే ఉంటుంది. అది నాకు తట్టలేదు.

“మెడ ప్రశ్నలు అడిగావా?”

“అడిగా. అన్నిటికీ లేదంది. నవ్వింది కూడా. పోయేటప్పుడు, మా చెల్లిని కూడా ఇయ్యే అడిగారా అంది.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అనలేదక్కా. ఊరుకున్నా.”

ఊరుకోవడమంటే ఔననడమే. అబిదాని తిట్టి లాభం లేదు, తిట్టాను. వరలక్ష్మిని కూడా మనసులో తిట్టుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అయి ఉంటుంది, ఈపాటికి ఊరంతా చాటేసి ఉంటుంది అనుకున్నాను. సాయి ప్రియకి ఫోన్ చేద్దామంటే ఆ గొడవ తర్వాత ఆమె ఫోన్ కూడా మొగుడి చేతిలోనే ఉంటోంది. చేసినా ప్రమాదమే, చెయ్యకపోయినా ప్రమాదమే.

మరునాడు సాయంత్రం ఆ మొగుడే మా గదికొచ్చాడు. కోటేశ్వరరావు. చెప్పులు గుమ్మం బయట విప్పి, నమస్కారం పెట్టి మరీ లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుటన విభూతి. నెమ్మదైన గొంతు. అరిచే మగవాళ్ళంటే నాకు భయం లేదు, చాలామందిని చూశాను. ఇతని నెమ్మది చూస్తే భయం వేసింది.

“మా ఆడోళ్ళకి రక్తం తక్కువన్నారంట కదా మేడమ్. గురువారం నేనే తీసుకొస్తాలెండి. ఆడమనిషి బస్సులో ఒక్కతే ఎందుకు?”

“సరేనండి.”

“మీది ఏ ఊరండీ? ఊళ్ళో ఏ వైపుంటారు?”

అడిగింది మా ఇంటి దారి కాదని నాకు తెలుసు. చెప్పాను. తల పంకించాడు.

“మా వదినని కూడా ఏందో అడిగారంట. మెడ గురించి. ఆరోగ్యం సర్వేలో మెడ సంగతెందుకండీ?”

అబిదా టీ గ్లాసు పట్టుకుని నా వైపు చూసింది. నాకు నోటికి ఏదొస్తే అది అన్నాను.

“థైరాయిడ్ అండి. మెడ దగ్గరే కదా వచ్చేది. ఈ వైపు ఆడవాళ్ళకి ఎక్కువగా ఉందని అడుగుతున్నాం.”



“థైరాయిడ్,” అన్నాడు. “అయితే మా ఆవిడకి ఉందేమో. గొంతు కూడా పోయింది మరి. ప్రాణానికేమన్నా ప్రమాదమా మేడమ్?”

“అశ్రద్ధ చేస్తే చెప్పలేం,” అన్నాను. భయపడి ఆసుపత్రికి పంపుతాడని నా ఆశ.

మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అబిదా గ్లాసు కింద పెట్టి, “భలే చెప్పావక్కా,” అంది. నాక్కూడా అలాగే అనిపించింది.

గురువారం వాళ్ళు రాలేదు. ఆసుపత్రి మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పోలీసులకి ఫోన్ చేద్దామా అంది అబిదా. ఏమని చేస్తాం? మెడ జబ్బు మనిషి ఆసుపత్రికి రాలేదనా? పోలీసులు వెళ్ళి గుమ్మంలో అడిగితే, మొగుడి ఎదుట ఆమె ఏమీ లేదనే చెబుతుంది. వాళ్ళు తిరిగి వెళ్ళాక మిగిలేది ఆమే, అతనే. ఆటో మాట్లాడుకుని ఇద్దరం బయలుదేరాం.

కల్లంలో లారీ నిలబడి ఉంది. కాయ కొన్న వ్యాపారి మనుషులు కాయ నింపిన టిక్కీ బస్తాలు ఒక్కొక్కటే కాటా మీదకి ఎక్కిస్తున్నారు. కోటేశ్వరరావూ, అన్న పుల్లారావూ కాటా పక్కనే నిలబడ్డారు. సాయి ప్రియ మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి చూపు దించుకుంది. బతికే ఉంది. అంతవరకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

అంజమ్మ అనే ముసలావిడ, వరసకి ఆ అన్నదమ్ములకి పిన్ని అట, నన్ను ఆనవాలు పట్టింది.

“నువ్వేనా అమ్మా పిల్లకి మెడలో జబ్బుందని కనిపెట్టింది? మా కోటేసు ఊరంతా చెప్పుకుని ఒకటే ఏడుపు. ఏ పొద్దు ఊపిరాగిపోద్దో పిన్నీ, మేడమ్ కూడా చెప్పలేమంది అని. రాత్రిళ్ళు ఆ పిల్ల పక్కనే మేలుకుని కూర్చుంటున్నాడంట. ఇట్టాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?”

అప్పుడు అర్థమైంది నాకు. సాయి ప్రియ పోయాక నలుగురిలో చెప్పుకోవాల్సిన మాటని అతను ముందే చెప్పి పెట్టుకుంటున్నాడు. జబ్బు పేరు నేనిచ్చిందే. ప్రమాదమని అన్నదీ నేనే. రేపు ఆమె లేవకపోతే ఊరు ఊరంతా సాక్ష్యం చెబుతుంది, అందరికంటే పెద్ద సాక్షిని నేనే అవుతాను.

కోటేశ్వరరావు కాటా దగ్గర నుంచే చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. “రండి మేడమ్. ఇయ్యాల కాటా ఉండి రాలేకపోయాం.”

జబ్బు లేదు, ఏమీ లేదు, వీడు గొంతు నులిమాడు అని అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుంది? మొన్న ఉందన్నారు, ఇవాళ లేదంటున్నారు, ఏది నిజం మేడమ్ అంటాడు. నా మాటకి విలువ పోతుంది, ఆ రాత్రికి సాయి ప్రియ ప్రాణం పోతుంది. కోపం దిగమింగి, అందరికీ వినపడేలా గొంతు పెంచాను.

“లక్షణాలన్నీ డాక్టర్ గారికి చెప్పానండి. జబ్బు బాగా ముదిరిందన్నారు. ఇప్పుడే ఆసుపత్రిలో చేర్చాలి, రేపటిదాకా ఆగడానికి లేదు. డాక్టర్ గారు ఆటో ఇచ్చి పంపారు.”

ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. కోటేశ్వరరావు ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి.

“పొద్దుగూకినాక నేనే తీసుకొస్తాలెండి.”

“ఒరేయ్ కోటేసూ, మతుండే మాట్లాడుతున్నావా?” అంది అంజమ్మ. “పిల్ల ఊపిరాగిపోద్దని నిన్నటిదాకా ఏడ్చింది నువ్వే కాదా? పంపరా ముందు! కాయ ఎటూ పోదు.”

మిగతా ఆడవాళ్ళూ అందుకున్నారు. ఒకావిడ లేచి సాయి ప్రియ చెయ్యి పట్టుకుని లేవదీసింది. కాటా వదిలి అతను రాలేడు. రైతు పక్కన లేకపోతే ముల్లు ఎటు ఒరుగుతుందో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. అన్న మీద నమ్మకముంటే పొయ్యి వేరయ్యేది కాదు. మింగలేక కక్కలేక అలాగే నిలబడ్డాడు. పాపని నేనే ఎత్తుకున్నాను. తల్లి లేకుండా ఏడుస్తుందని చెప్పాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆటో దాకా వచ్చాడు. తల లోపలికి పెట్టి, పెళ్ళాం మెడ చుట్టూ ఉన్న తువ్వాలు సరిచేశాడు.

“డాక్టర్‌కి అన్నీ సరిగ్గా చెప్పు. కాటా అవంగానే వస్తా. ఎక్కడున్నా వస్తా,” అన్నాడు మెల్లగా.

వెళ్ళి మళ్ళీ కాటా పక్కన నిలబడ్డాడు. సాయి ప్రియ పాపని తన ఒళ్ళోకి లాక్కుంది. పోనివ్వు అని డ్రైవర్‌తో అనేలోపు వరలక్ష్మి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో తోడికోడలి బట్టల సంచి ఉంది. ఆసుపత్రికని అందరూ అనుకుంటారు. నేను ముఖం తిప్పుకున్నాను. ఈ మంట పెట్టింది ఈవిడే కదా అని నా కడుపులో ఉంది.

సంచి లోపల పెడుతూ ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

“నేను కావాలని చెప్పలేదమ్మా. ఏం అడిగారో చెప్పమని మా ఆయన గోడకి ఆనించి పట్టుకున్నాడు. ఎట్టా పట్టుకున్నాడో నీకు తెలుసు.” సంచి మూతి ముడి వేసింది. “మొన్న ఆ అమ్మాయి అడిగినవాటికి అన్నీ లేదని చెప్పా. అది ఇప్పుడు మార్చొచ్చా?”

“మార్చొచ్చు అక్కా. ఎక్కు. అబిదా, జరుగు,” అన్నాను.

అబిదా జరిగింది. వరలక్ష్మి ఆటో కడ్డీ పట్టుకుంది. ఒక కాలు ఎత్తి లోపల పెట్టింది కూడా.

“ఏమే,” అని కల్లంలోంచి పుల్లారావు పిలిచాడు. కోపంగా కూడా కాదు, రోజూ పిలిచినట్టే పిలిచాడు.

వరలక్ష్మి కాలు వెనక్కి తీసుకుంది. “వస్తున్నా,” అంది అటు తిరిగి. కడ్డీ మీద ఆమె వేళ్ళని నేను గట్టిగా పట్టుకున్నాను. ఒక్కొక్కటీ విడిపించుకుని, కొంగు సర్దుకుని, కల్లంలోకి వెళ్ళిపోయింది.