కారణం గడి

ఉదయం తొమ్మిది కాకముందే తాతాజీ ఆవేళ్టి చార్టులో నాలుగో వరుస చెరిపి, రబ్బరు పొట్టు ఊదేసి, మళ్ళీ రాస్తున్నాడు. భీమవరం బస్సు కండక్టరు చెల్లెలికి సాయంత్రం పెళ్ళిచూపులట. ఆ సంగతి కండక్టరు నోరు విప్పి చెప్పలేదు. గ్యారేజీలో ఎవరో అనుకుంటుంటే తాతాజీ చెవిన పడింది. అతణ్ణి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరే బస్సులోకి మార్చాడు. ఎందుకు మార్చారని అతనూ అడగడు, తాతాజీ చెప్పడు. ఆ డిపోలో పద్ధతి అది.

ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలి, ఏ కండక్టరు ఎవరి వెంట వెళ్ళాలి అని ఇరవయ్యారేళ్ళుగా రాస్తున్నది తాతాజీయే. సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. కుడిచేతి చిటికెనవేలి పక్కనంతా పెన్సిలు నలుపు, సబ్బుకి పోదు. డిపోలో రెండొందల యాభై మందికి అతను చార్టు కిటికీలోంచి బయటికొచ్చే చెయ్యిగానే తెలుసు. సంతలో ఎదురైతే సగం మంది పోల్చుకోరు. దానికి అతనేమీ బాధపడడు. నిజం చెప్పాలంటే అతనికి దేనికీ పెద్దగా బాధ లేదు, సంతోషమూ లేదు. పొద్దున్న భార్య మాణిక్యాంబ కట్టిచ్చిన పెరుగన్నం తెచ్చుకుంటాడు, చార్టు రాస్తాడు, ఇంటికెళ్తాడు. బస్సు డిపోలో పనిచేస్తూ పక్కనున్న కోరుకొండ తీర్థానికి కూడా వెళ్ళని మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇదిగో, ఇతనే.

ఆ రోజుతో పెన్సిలుకి సెలవు. కంప్యూటరు అంతకుముందూ ఉంది గానీ, తాతాజీ రాసిందాన్ని టైపు చేసి కాగితం తీయడానికే పనికొచ్చేది. కొత్త ప్రోగ్రాము అలా కాదట, చార్టు తనే వేస్తుందట. అది నేర్పడానికి హైదరాబాదు నుంచి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, ఓపిక గలది. తొలిరోజు ఆఫీసు మొత్తాన్ని కూర్చోబెట్టి, గోడకి తెర కట్టి చెప్పింది. ప్రతి ముక్క చివరా అర్థమైందా అనడిగితే అందరూ ఒక్క గొంతుతో ఆయ్, అర్థమైందండి అన్నారు. ఆడపిల్ల అంత దూరం నుంచొచ్చి గొంతు పోయేలా చెబుతుంటే అర్థం కాలేదని ఎలా అంటారు, మర్యాదగా ఉండదూ! రెండో రోజుకి ఎవరి పనులు వాళ్ళకి గుర్తొచ్చాయి. తెర ముందు తాతాజీ ఒక్కడే మిగిలాడు. విచిత్రమేమిటంటే, అతనికి నిజంగానే అర్థమైంది.

ఈ మూడో రోజు పని ఒకటే. డ్రైవర్లనీ కండక్టర్లనీ అందర్నీ అందులోకి ఎక్కించాలి. పేరు, నంబరు, వారపు సెలవు. ఎవరికైనా ఫలానా బస్సు వేయకూడదంటే పక్క గడిలో కారణం చెప్పాలి. మధ్యాహ్నం మూడింటికి పట్టిక మూసేసి, నాలుగింటికి రేపటి చార్టు తీసి బోర్డుకి అంటించాలి. భోజనాల వేళకి రెండొందల ముప్పై మంది ఎక్కారు. లోవరాజు దగ్గర తాతాజీ చెయ్యి ఆగింది.

లోవరాజు డ్రైవరు. పదకొండేళ్ళుగా అతనికి పట్టిసీమ బస్సో కోరుకొండ బస్సో, ఏదైనా పొద్దు గూకేలోగా డిపో చేరేదే పడుతుంది. చలికాలంలో పొద్దు పొట్టిది గనక ఆఖరి ట్రిప్పు తాతాజీ వేరేవాళ్ళకి వేసేవాడు. లోవరాజుకి రేచీకటి. పదకొండేళ్ళ కిందట ఓ రోజు కిటికీ దగ్గరికొచ్చి, చీకటి పడితే రోడ్డు అంచు కనబడ్డం లేదండి, పిల్లలు చిన్నోళ్ళండి అన్నాడు. తాతాజీ ఊఁ అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. లోవరాజు ఓ టీ ఇప్పించిందీ లేదు, తాతాజీ మాణిక్యాంబకి చెప్పిందీ లేదు. అతని బతుకులో దాచుకున్న విషయం ఏదైనా ఉందంటే అదొక్కటే.

రాత్రి బస్సు వద్దని కొట్టి, కారణం గడి ఖాళీగా వదిలి ముందుకెళ్ళబోయాడు. కంప్యూటరు కదల్లేదు. కారణం రాయకపోతే కుదరదా అని లావణ్యని అడిగాడు. కుదరదంది. అదీ మనిష్టం కాదట, లోపలున్నవాటిలో ఒకటి ఎంచుకోవాలట. చదివి వినిపించింది. కోర్టు కేసు, శిక్ష, యూనియన్ బాధ్యత, గర్భం, అనారోగ్యం. గర్భం దగ్గర తాతాజీకి నవ్వు రావాల్సింది. రాలేదు.

పోనీ ఏ అభ్యంతరమూ లేదని కొడితే ఎలా ఉంటుందో చూపించమన్నాడు. చూపించింది. రేపు రాత్రి హైదరాబాదు బస్సు మీద లోవరాజు పేరు పడింది. పదకొండేళ్ళుగా రాత్రి డ్యూటీ చేయలేదు కాబట్టి వంతులో మొదటివారు ఆయనేనండి అంది లావణ్య. న్యాయమైన మాటే. కానీ రాత్రి బస్సంటే తెల్లారేదాకా చీకటి, లోపల నలభై మంది జనం. అనారోగ్యం అని రాస్తే అదేమిటో చెప్పాలి, చెబితే కళ్ళ పరీక్షకి పంపిస్తారు. పరీక్షలో పోతే ఇక ఇంటికే. అతణ్ణే అడిగి రాద్దామంటే మనిషి పట్టిసీమ బస్సులో ఉన్నాడు, నాలుగున్నరకి గానీ రాడు.

తాతాజీ క్యారేజీ విప్పి నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు. ఇలాంటప్పుడు గుండె దడదడలాడాలి కదా, అదీ లేదు. కూర్చున్నచోట కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనిషంతా అలాగే ఉన్నాడు. మూడింటికి పది నిమిషాలుండగా అనారోగ్యం అన్నదాన్ని నొక్కాడు. ఏమిటది అని అడిగింది కంప్యూటరు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, రాత్రిపూట చూపు లేదని కొట్టాడు. గడి ఒప్పుకుంది.

వెనక నుంచి లావణ్య చూస్తూనే ఉంది. "నేనేమీ చెప్పకుండా మీరే చేసేశారు," అంది సంబరంగా. "ఇంక మీకు నా అవసరం లేదండి."

ఆ పిల్ల తప్పేముంది! శిక్షణ పూర్తయిందని రాసిన కాగితం మీద తాతాజీ చేత సంతకం పెట్టించుకుని, సంచీ సర్దుకుంది.

నాలుగింటికి చార్టు వచ్చింది. గీతలు తిన్నగా, అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. లోవరాజు పేరు ఎక్కడా లేదు. కళ్ళ పరీక్ష అయ్యేదాకా బస్సెక్కకూడదని వేరే కాగితం తయారైంది. మేనేజరు గారు సంతకం చేస్తూ, ఈ సంగతి మీకెప్పట్నుంచి తెలుసని అడిగారు. ఇవాళేనండి అన్నాడు తాతాజీ. అబద్ధం కూడా సునాయాసంగా వచ్చేసింది.

లోవరాజు బస్సు పెట్టేసి, బోర్డు మీద చార్టు రెండుసార్లు చదివి, కిటికీ దగ్గరికొచ్చాడు. పొడుగాటి మనిషి, ఖాకీ చొక్కా భుజాల దగ్గర వెలిసిపోయింది. కాగితం తాతాజీయే అందించాడు. చదివి నాలుగు మడతలు పెట్టాడు.

"ఇది రాయకపోతే రాత్రి బస్సు నాకు పడేదాండి?"

"ఆయ్. నీ పేరే వచ్చింది."

"పడుంటే ఎక్కేసేవోణ్ణండి," అన్నాడు లోవరాజు. "ఎక్కనని చెప్పే దమ్ము నాకు లేదు."

"నిన్నడిగి రాద్దావనుకున్నాను. టైము లేకపోయింది."

"అడిగుంటే రాయొద్దనేవోణ్ణండి."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. వెళ్ళొస్తానండి అని చెప్పి, ఇంకా ఎండ ఉండగానే గేటు దాటి వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా తాతాజీ చూస్తూ ఉన్నాడు. తను చేసింది తప్పని అనుకుందామన్నా కుదరలేదు, ఒప్పని అనుకుందామన్నా కుదరలేదు. పదకొండేళ్ళు కాచిన మనిషిని తన చేత్తోనే పంపించేశానని మాత్రం తెలిసింది.

అయిదుంబావుకి పట్టిసీమ బస్సు ఆఖరి ట్రిప్పు ఇంకో డ్రైవరు భీమరాజుకి పడింది. అతను సీటెక్కబోయి, దాని మీదున్న దిండు తీసుకుని దిగి కిటికీ దగ్గరికొచ్చి, ఇది లోవరాజుదండి, ఎవరికిమ్మంటారు అని అడిగాడు. ఇక్కడ పెట్టు, వచ్చి తీసుకుంటాడులే అన్నాడు తాతాజీ. తీసుకోవడానికి రాడని ఇద్దరికీ తెలుసు. బస్సు వెళ్ళిపోయింది. కంప్యూటరు పక్కన, బల్ల మీద, పాత నేతచీర మడతలు పెట్టి కుట్టిన సీటు దిండు, మధ్యలో మనిషి కూర్చున్నంత మేర అణిగిపోయి ఉంది.